విండ్ బ్యాండ్‌లో ఎవరూ అంతగా తలవని వాయిద్యాలు: మంద్రస్వరం కోసం సాగిన అన్వేషణ

మీరు రెండు విషయాలు అడిగారు. విండ్ బ్యాండ్ (ప్రధానంగా గాలి ఊది వాయించే వాయిద్యాలు, డ్రమ్‌లతో కూడిన బృందం) అంటే వయొలిన్లు తీసేసిన ఆర్కెస్ట్రాయేనా అన్నది మొదటిది. క్లారినెట్, ట్రంపెట్ వంటి అందరికీ తెలిసిన వాయిద్యాలు కాక అందులో ఇంకేమేమి ఉంటాయి, కొత్తగా చేరేవారు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చునా అన్నది రెండవది. చాలా ఏళ్లుగా ఒక ఔత్సాహిక బృందంలో యూఫోనియం అనే మంద్రస్థాయి ఇత్తడి వాయిద్యం వాయిస్తున్నాను కనుక ఆ అనుభవాన్ని, దానితోపాటు ఇష్టంగా చదువుకున్న చరిత్రను కలిపి రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు నా సమాధానం, కాదు అనే. ఆర్కెస్ట్రాకు పునాది తంత్రీ వాద్యాలు. అడుగున చెల్లోలు, డబుల్ బేస్‌లు అనే పెద్ద వయొలిన్ల వంటి మంద్రస్థాయి వాయిద్యాలు నిలిచి ఉంటాయి కాబట్టి పైనున్న సుషిర వాద్యాలు అవసరమైనప్పుడు మాత్రమే పలికినా సరిపోతుంది. బ్యాండ్ అలా పుట్టలేదు. ఆరుబయట, జనం మధ్య, తరచుగా నడుస్తూ వాయించవలసిన సంగీతం అది. అక్కడ డబుల్ బేస్‌ను మోసుకుంటూ వాయించడం అసాధ్యం. అందుచేత మంద్రస్థాయిని గట్టిగా పట్టి ఉంచే గాలి వాయిద్యం ఏది అన్న ప్రశ్న బ్యాండ్‌ను దాదాపు రెండు శతాబ్దాలపాటు వెంటాడింది. మీరు అడిగిన అపరిచిత వాయిద్యాలలో చాలా వాటికి ఈ ప్రశ్నే జన్మకారణమని నా అభిప్రాయం.

1749లో లండన్‌లోని గ్రీన్ పార్కులో బాణసంచా వేడుక కోసం స్వరకర్త హాండెల్ సమకూర్చిన సంగీతాన్ని చూడండి. 24 ఓబోలు, 12 బసూన్‌లు (ఓబోలా రీడ్‌తో, కాని మంద్రస్థాయిలో పలికే చెక్క వాయిద్యాలు), 9 ట్రంపెట్‌లు, 9 హార్న్‌లు, వాటికి తోడు డ్రమ్‌లు. ఆరుబయట మంద్రస్వరం వినిపించాలంటే బసూన్‌ల సంఖ్య పెంచడం తప్ప అప్పట్లో వేరే దారి పెద్దగా లేదు. 1782లో వియన్నాలో రెండవ జోసెఫ్ చక్రవర్తి తన ఆస్థానంలో ఏర్పరచిన ఎనిమిది మంది సుషిర వాద్య బృందంలో రెండేసి ఓబోలు, క్లారినెట్‌లు, హార్న్‌లు, బసూన్‌లు ఉండేవి. ఆ సంప్రదాయంలో శిఖరం వంటిది మొజార్ట్ రాసిన బి ఫ్లాట్ సెరెనేడ్. అందులో పన్నెండు గాలి వాయిద్యాలున్నాయి. వాటిలో రెండు బాసెట్ హార్న్‌లు, అంటే క్లారినెట్ కంటే కింది స్థాయిలో, కొంత మసకబారిన నాదంతో పలికే దాని బంధువులు. అయినా అడుగున మొజార్ట్ ఒక డబుల్ బేస్‌ను పెట్టవలసి వచ్చింది. ఇప్పటికీ చాలా బ్యాండ్ స్కోర్‌లలో ఒకే ఒక్క తంత్రీ వాద్యంగా డబుల్ బేస్ కనిపించడం చూసినప్పుడల్లా నాకు ఆ సెరెనేడ్ గుర్తుకు వస్తుంది.

ఫ్రెంచ్ విప్లవం ఈ అవసరాన్ని ఒక్కసారిగా పెంచింది. 1789లో సారెట్ అనే అతను పారిస్ నేషనల్ గార్డ్ అనే పౌర సైన్యం కోసం బ్యాండ్‌ను సమకూర్చాడు. ఆ కృషి నుంచే 1795లో పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయం ఏర్పడింది. వేలమంది గుమికూడే బహిరంగ ఉత్సవాలకు రెండు బసూన్‌ల అడుగు ఏమాత్రం చాలదు. ఆ ఖాళీని కొంతకాలం నింపినది సర్పెంట్. పేరుకు తగినట్టు పాములా మెలికలు తిరిగిన, సుమారు రెండున్నర మీటర్ల పొడవైన చెక్క గొట్టం, దానిపై తోలు తొడుగు, ఇత్తడి వాయిద్యాలకు ఉండేటటువంటి మౌత్‌పీస్. మొదట ఫ్రాన్స్‌లోని చర్చిలలో గాయకుల గొంతులకు అండగా ఉండేది. ఒక పాత వాయిద్యాల సేకరణలో దాన్ని ఊదే అవకాశం నాకు దొరికింది. దాని ఆరు రంధ్రాలు శబ్దశాస్త్రం కోరిన చోట కాక చేతి వేళ్లు అందే చోట ఉన్నాయి. అందువల్ల వేళ్లు స్వరాన్ని సూచిస్తాయే తప్ప నిలబెట్టవు, నిలబెట్టవలసింది పెదవులే. కాస్త పట్టు సడలితే స్వరం పక్కకు జారుతుంది. అయితే ఆ నాదంలోని మెత్తదనం, మనిషి గొంతుకు అది దగ్గరగా ఉండే తీరు, తరువాత వచ్చిన ఏ ఇత్తడి వాయిద్యంలోనూ నాకు వినిపించలేదు.

దాని తరువాత వచ్చింది ఒఫిక్లైడ్. పారిస్‌లో హలారి అనే వాయిద్య నిర్మాత 1817లో రూపొందించి 1821లో పేటెంట్ పొందిన ఈ ఇత్తడి వాయిద్యంలో పెద్ద రంధ్రాలు, వాటిని మూసే కీలు ఉంటాయి. చూడటానికి సాక్సోఫోన్‌కు అన్నగారిలా కనిపిస్తుంది. 1840లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ 1830 నాటి జూలై విప్లవ దశాబ్ది సందర్భంగా రెండు వందల మంది వరకు వాయించే సైనిక బ్యాండ్ కోసం రాసిన సింఫనీలో మంద్రస్థాయి బరువు మోసిన వాయిద్యాలలో ఇది ఒకటి. ఆనాటి ఊరేగింపులో బెర్లియోజ్ బ్యాండ్ ముందు నడుస్తూ సంగీతాన్ని నడిపించాడు.

ఈలోగా వాల్వ్‌లు వచ్చాయి, అంటే నొక్కితే గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించి స్వరాన్ని దించే మీటలు. స్టోల్‌జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో బెర్లిన్‌లో వాటికి పేటెంట్ తీసుకున్నారు. 1835లో అదే నగరంలో వీప్రెక్ట్, మోరిట్జ్ కలిసి ట్యూబా అనే పెద్ద మంద్రస్థాయి ఇత్తడి వాయిద్యాన్ని తీసుకువచ్చారు. వాయిద్య నిర్మాత అడాల్ఫ్ సాక్స్ తన సాక్స్‌హార్న్‌లు అనే వాల్వ్ ఉన్న ఇత్తడి వాయిద్యాలతో 1845లో పారిస్‌లోని షాం ద మార్స్ మైదానంలో పాత పద్ధతి బ్యాండ్‌తో బహిరంగంగా పోటీపడి జనాన్ని మెప్పించాడు. సాక్సోఫోన్ పేటెంట్ 1846 నాటిది. అయితే 1842లోనే బెర్లియోజ్ పత్రికలో దాన్ని పరిచయం చేసినప్పుడు వర్ణించినది ఒక మంద్రస్థాయి వాయిద్యాన్నే. ఈనాడు ఆ పేరు వినగానే ఆల్టో, టెనర్ సాక్సోఫోన్‌లే గుర్తుకు వస్తాయి కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు. 1856లో గోత్రో పేటెంట్ చేసిన సరుసోఫోన్ కూడా ఇదే కోవలోనిది: ఓబో, బసూన్‌లలో వాడే జంట రీడ్‌ను (ఊదితే కంపించే రెండు పలుచని రెల్లు పలకలను) లోహపు గొట్టానికి జోడించి ఆరుబయట గట్టిగా వినిపించేలా చేసిన వాయిద్యం. సరూ అనే ఫ్రెంచ్ బ్యాండ్‌మాస్టర్ పేరు దానికి పెట్టారు. ఇప్పుడది దాదాపు కనుమరుగైంది.

ఇక నేను వాయించే యూఫోనియం. దీని గొట్టం పొడవు సుమారు 2.7 మీటర్లు. ఒక అర్ధస్వరం కిందికి దిగాలంటే ఆ పొడవు సుమారు 6 శాతం పెరగాలి. మొదటి వాల్వ్ రెండు అర్ధస్వరాలు దించడానికి సుమారు 12 శాతం, మూడవ వాల్వ్ మూడు అర్ధస్వరాలు దించడానికి సుమారు 19 శాతం గొట్టాన్ని కలుపుతాయి. రెండూ కలిపి నొక్కితే ఐదు అర్ధస్వరాలు దిగాలి, దానికి 33.5 శాతం కావాలి, కాని దొరికేది 31 శాతమే. అంటే గొట్టం ఆరు సెంటీమీటర్లకు పైగా తక్కువ పడి శ్రుతి పైకి పోతుంది. నాలుగవ వాల్వ్ ఆ స్వరాన్ని సరిచేస్తుంది, కాని దాన్ని నొక్కి ఉంచి ఇంకా కిందికి దిగినప్పుడు మళ్లీ అదే లోటు. ఇంగ్లండ్‌లో డేవిడ్ బ్లైక్లీ 1874లో దీనికి ఒక పరిష్కారం కనిపెట్టాడు: నాలుగవ వాల్వ్ నొక్కినప్పుడు గాలి తిరిగి మిగిలిన వాల్వ్‌ల గుండా రెండవసారి ప్రయాణించి, అక్కడ అమర్చిన చిన్న చిన్న అదనపు గొట్టాల ద్వారా తక్కువ పడిన పొడవును పూరించుకుంటుంది. వాయించేటప్పుడు ఇది ఛాతీకి తెలుస్తుంది. అట్టడుగు స్వరాలలో గాలికి ఎదురొత్తిడి పెరుగుతుంది. బలంగా ఊదడం కన్నా నిదానంగా, వెచ్చగా, ఎక్కువ గాలిని పంపడం అలవాటు చేసుకోవాలి.

ఆర్కెస్ట్రాలో దీనికి దక్కేది బహు తక్కువ. ఇంగ్లిష్ స్వరకర్త హోల్స్ట్ రాసిన గ్రహాల సూట్‌లో (సూట్ అంటే కొన్ని భాగాల రచన) టెనర్ ట్యూబా పేరుతో కొంత, రిఖార్డ్ స్ట్రాస్ రచనల్లో కొంత. బ్యాండ్‌లో మాత్రం ఇది చెల్లో వంటిది. అదే హోల్స్ట్ 1909లో రాసిన ఇ ఫ్లాట్ సూట్‌లో మొదటి భాగం ట్యూబా, యూఫోనియంల మంద్రస్వరంతోనే ఆరంభమవుతుంది. ఆ ఎనిమిది బార్‌ల (తాళ విభాగాల) పల్లవి బృందమంతా చేతులు మారుతూ, ఒకచోట తలకిందులై కూడా వినిపిస్తుంది. బ్యాండ్ కోసం రాసిన రచన ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే ముందు దాన్నే వినమని చెబుతాను. 1911 నాటి ఆయన రెండవ సూట్‌లో యూఫోనియంకు సోలో కూడా ఉంది.

వీటికన్నా నిర్లక్ష్యానికి గురవుతున్నవి కింది స్థాయి క్లారినెట్‌లు: ఆల్టో, కాంట్రా ఆల్టో, కాంట్రాబేస్. కాంట్రాబేస్ క్లారినెట్ ఒంటరిగా పలికితే వినేవారికి పెద్దగా ఏమీ తోచకపోవచ్చు. అది ఆగిపోయినప్పుడు మాత్రం బృందం కాళ్ల కింద నేల జారినట్టు ఉంటుంది. ప్రచురణకర్తలు ఈ వాయిద్యాలు అన్ని బ్యాండ్‌లలోనూ ఉండవని వాటి స్వరాలను బసూన్, బారిటోన్ సాక్సోఫోన్ పత్రాలలో చిన్న అక్షరాలతో అచ్చువేస్తారు. చిన్న బృందాలకు అది మేలే. కాని ఎలాగూ మరొకరు వాయిస్తారు కదా అని ఆ కుర్చీలను శాశ్వతంగా ఖాళీగా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే స్వరం అదే అయినా నాదం అది కాదు.

మీరు ఎంచుకోవచ్చునా అంటే, తప్పకుండా. ట్రంపెట్ లేదా ట్రాంబోన్ కొంత వచ్చినవారికి యూఫోనియం సులువుగా పట్టుబడుతుంది. ట్రంపెట్ నుంచి వచ్చేవారికి అదే ఫింగరింగ్‌తో చదువుకునే ట్రెబుల్ క్లెఫ్ (పైస్థాయి స్వరాలకు వాడే స్వరలిపి గుర్తు) పత్రం చాలా రచనలతో పాటే వస్తుంది. అయినా మంద్రస్థాయికి వాడే బేస్ క్లెఫ్ త్వరగా నేర్చుకోండి, ఆ తరువాత ట్యూబాకు మారాలన్నా అదే కావాలి. కింది స్థాయి క్లారినెట్‌ల వైపు మనసు పోతే ముందు మామూలు బి ఫ్లాట్ క్లారినెట్‌పై శ్వాస, పెదవుల పట్టు కుదుర్చుకుని, బేస్ క్లారినెట్ మీదుగా కిందికి వెళ్లండి. ఇవి సొంతంగా కొనుక్కోవడానికి చాలా ఖరీదైనవి కాబట్టి చేరబోయే బృందం దగ్గర వాయిద్యం ఉందా, దాని రంధ్రాలను కప్పే ప్యాడ్‌లు గాలి పోకుండా మూసుకుంటున్నాయా, ఇంటికి తీసుకువెళ్లి సాధన చేయనిస్తారా అన్నవి ముందే అడిగి తెలుసుకోండి. సాధనకు ఇవ్వని వాయిద్యం కోసం పేరు నమోదు చేసుకోవద్దు.