మొదటి ఆడిట్‌కు వెళ్లే ముందు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఐటీ కంపెనీ వాళ్లు యాక్సెసిబిలిటీ ఆడిట్, అంటే తమ ఆఫీసూ వెబ్‌సైటూ వికలాంగులు వాడుకునేలా ఉన్నాయో లేదో చూసే పని, నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని, పైగా చూపులేనివాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు "మా దగ్గర వికలాంగులెవరూ లేరండీ" అంటారు. వాదన పెట్టుకోకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితా వాళ్ల ముందు పెట్టు. తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మానసిక అనారోగ్యం కూడా అందులో ఉన్నాయి. ఉన్నవాళ్లు బయటికి చెప్పుకోకపోయి ఉండొచ్చు, రావాలనుకున్నవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలని ఆ చట్టంలోని 21వ సెక్షనే చెబుతుంది. అది చూపించమని అడుగు. చాలాచోట్ల హెచ్ఆర్ వాళ్లు అప్పుడే ఫైళ్లు వెతకడం మొదలుపెడతారు.

చెక్‌లిస్టు పట్టుకుని ఒక్కదానివే తిరగకు. వీల్‌చైర్ వాడేవాళ్లను, చూపులేనివాళ్లను, వినికిడి లేనివాళ్లను వెంట తీసుకెళ్లు. బస్ స్టాప్ నుంచి సీటు దాకా, అక్కణ్నుంచి క్యాంటీన్‌కీ టాయిలెట్‌కీ వాళ్లను ముందు వెళ్లనిచ్చి, నువ్వు వెనక నడు. టాయిలెట్ తలుపు మాత్రం తప్పకుండా తీయించు. బయట వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది, లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు ఉంటాయి. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ర్యాంపు చూపించి మురిసిపోతారు. టేపు తీసి కొలువు. వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే ఎత్తుకు కనీసం పన్నెండు రెట్లు పొడవుండాలి. ఒక్కోటి 15 సెంటీమీటర్ల చొప్పున మూడు మెట్లుంటే ర్యాంపు కనీసం 5.4 మీటర్ల పొడవుండాలి. చోటు లేదని రెండు మీటర్లలో పోసేస్తారు. దాని మీద ఒకరి సాయం లేకుండా ఎక్కలేరు, దిగేటప్పుడు పడిపోతారేమోనని టెన్షన్. ఫైర్ అలారం మోగితే వినబడనివాళ్లకు ఎలా తెలుస్తుందో, లిఫ్ట్ ఆపేస్తే వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని ఎవరు దించుతారో కూడా అడుగు.

వెబ్‌సైట్ విషయానికొస్తే, మౌస్ పక్కన పెట్టించి, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉద్యోగ దరఖాస్తు ఒకటి చివరిదాకా నింపించు. పేరు లేని బటన్ దగ్గరో, క్యాప్చా దగ్గరో ఆగిపోవడం వాళ్లే చూస్తారు. తెలుగు సర్క్యులర్లుంటే అవీ చూడు. యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లను స్క్రీన్ రీడర్ తెలుగుగా చదవలేదు, అర్థంలేని అక్షరాలూ గుర్తులూ వినిపిస్తుంది. అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ బాధ ఉండదు. అయినా ఎందుకో ఎవరూ మారరు!

రిపోర్టు వంద పేజీలు చేయకు. వారంలో అయ్యే పనులు ముందు, బడ్జెట్ కావాల్సినవి తర్వాత పెట్టి, ప్రతిదానికీ ఎదురుగా బాధ్యులెవరో రాయించు.

నీతో వచ్చేవాళ్ల ఫీజు కొటేషన్‌లోనే విడిగా చూపించు. వాళ్లకు శాలువా కప్పి, ఫొటో తీసుకుని పంపించే కంపెనీలున్నాయి. శాలువా ఇస్తే ఆటోవాడు ఊరుకోడు కదా. కాదంటే పని వదులుకో, ఇంకో కంపెనీ దొరుకుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య