ఇంటి వర్క్‌షాప్‌కి పాత షేపర్ కొనొచ్చా? కొనేముందు ఏం చూడాలి, తర్వాత ఎలా బాగు చేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హన్మకొండలో ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ ఉంది. పరకాల దగ్గర మూతపడిన ఒక రైస్ మిల్లు వర్క్‌షాప్‌లో 18 అంగుళాల షేపర్ అమ్ముతున్నారు. నిండా తుప్పు. మీ ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. దీన్ని కొనాలా, డబ్బు కూడబెట్టి చిన్న మిల్లింగ్ మెషిన్ కోసం ఆగాలా?

షేపర్ అంటే ర్యామ్ అనే బరువైన భాగం ముందుకూ వెనక్కీ జరుగుతూ, దాని కొసనున్న టూల్‌తో లోహాన్ని చెక్కే మెషిన్. 18 అంగుళాలు అన్నది దాని స్ట్రోకు, అంటే ర్యామ్ ఒకసారి కదిలే దూరం. ర్యామ్ స్లైడ్‌లు, అంటే అది జారే ముఖాలు, బాగుంటే కొనండి. తుప్పు చూసి వెనక్కి రావద్దు, కొత్త పెయింట్ చూసి ముందుకు పోవద్దు. నేను జమ్మికుంట వైపు ఒక పాత వర్క్‌షాప్ నుంచి ఇదే సైజు మెషిన్ తెచ్చి బాగు చేసుకున్నాను. ఈ రోజుకీ అదే నా షెడ్డులో ఎక్కువగా నడిచే మెషిన్.

మిల్లింగ్ మెషిన్ కొనడంతో ఖర్చు ఆగదు. కట్టర్లు, వాటిని పట్టే కాలెట్లు, ఆర్బర్ అన్నీ విడిగా కొనాలి, కట్టర్ మొద్దుబారితే దాన్ని మళ్లీ పదును పెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. షేపర్‌కి ఒక్క హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ చాలు, బెంచ్ గ్రైండర్ మీద మనమే రుద్దుకోవచ్చు. పుల్లీ లోపల కీవే (కీ కూర్చునే గాడి) తీయడం, డవ్‌టెయిల్ (వాలు అంచుల గాడి) కోయడం, మోటారు బేస్ చదును చేయడం దీని మీద హాయిగా అవుతాయి. నెమ్మదిగా నడుస్తుందన్నది నిజమే, కానీ ఇంటి పనికి ఆ నెమ్మది అడ్డం కాదు. ప్లేటు మధ్యలో నాలుగు వైపులా మూసుకున్న పాకెట్ తీయాలంటే మాత్రం మిల్లింగే కావాలి. మీ పని ఎక్కువగా అలాంటిదైతే షేపర్ జోలికి పోవద్దు.

జేమ్స్ నాస్మిత్ 1836లో చేసిన మెషిన్ నుంచి ఇప్పటిదాకా దీని మూలసూత్రం మారలేదు. ర్యామ్ ముందుకు పోయేటప్పుడు టూల్ కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఉత్త చేతులతో వస్తుంది. లోపల బుల్ గేర్ అనే పెద్ద పళ్ల చక్రం మీద ఒక క్రాంక్ పిన్, దానికి ఒక స్లైడింగ్ బ్లాక్, ఆ బ్లాక్ జారే గాడి ఉన్న రాకర్ ఆర్మ్ ఉంటాయి. ఈ అమరిక వల్లే వెనక్కి వచ్చే ప్రయాణం ముందుకు పోయేదానికన్నా త్వరగా అయిపోతుంది. అరుగుదల వచ్చే చోట్లు కూడా ఇవే. ఫ్యాక్టరీలు వీటిని వదిలించుకున్నది పనికిరాక కాదు, గంటకు ఎన్ని పీసులు అన్న లెక్కలో ఓడిపోయినందుకు. అందుకే మనకు దాదాపు తుక్కు ధరకు దొరుకుతున్నాయి.

చూడటానికి పోయేటప్పుడు మాగ్నెటిక్ స్టాండుతో డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే మీటరు), టార్చిలైటు, రెంచీలు, ఒక గట్టి కర్ర పట్టుకుపోండి. కరెంటు లేకపోయినా పర్వాలేదు, అసలు పరీక్ష చేత్తోనే చేయాలి. చిన్న వర్క్‌షాపుల్లో షేపర్ మీద ఎక్కువగా పడేది కీవేలు, చిన్న బ్లాకుల పని. ఏళ్ల తరబడి పొట్టి స్ట్రోకుతోనే నడిచి ఉంటుంది. దాంతో పాత గుడి మెట్టు అరిగినట్టు స్లైడ్ మధ్యభాగం మాత్రమే అరిగిపోతుంది, రెండు కొసలు కొత్తవాటిలా ఉంటాయి. కాబట్టి ముందు స్ట్రోకును పూర్తి పొడవుకు పెట్టించండి. ర్యామ్‌ను మధ్యలో ఆపి, అక్కడ ఊగకుండా గిబ్ (స్లైడ్‌లో వదులును సర్దే పట్టీ) బిగించండి. ఇప్పుడు పుల్లీని చేత్తో తిప్పుతూ ర్యామ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నడపండి. ఒకే బరువుతో సాఫీగా తిరిగితే మెషిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. కొసల దగ్గర బిగుసుకుపోయి, గిబ్ వదులు చేస్తే తప్ప కదలకపోతే అరుగుదల బాగా ఉన్నట్టు. గిబ్ స్క్రూలు ఇప్పటికే చివరిదాకా బిగించి, ఇంక సర్దడానికి మిగల్లేదంటే అదీ అదే సంగతి చెబుతుంది.

తర్వాత డయల్ గేజ్ స్టాండును కాలమ్ (మెషిన్ నిలువు దిమ్మ) మీద పెట్టి, ముల్లు ర్యామ్ ముందు భాగం మీద ఆనించి, ర్యామ్ కింద కర్ర పెట్టి పైకి ఎత్తి చూడండి. మిల్లీమీటరులో ఒకటి రెండు వందో వంతులు కదిలితే నాకు దిగులు లేదు. పదో వంతు మిల్లీమీటరు ఊగితే, గిబ్ సర్దినా తగ్గకపోతే, అది గైడ్‌వే గ్రైండింగ్‌కి, అంటే స్లైడ్‌లను మళ్లీ రుద్ది చదును చేయించడానికి, పోవాల్సిన మెషిన్. ఆ ఖర్చు, రవాణా కలిపితే ఇంకో షేపర్ వస్తుంది. నేనైతే దాన్ని వదిలేస్తాను.

క్లాపర్ బాక్స్‌ని చాలామంది పట్టించుకోరు. వెనక్కి వచ్చేటప్పుడు టూల్ జాబ్‌ని (కోస్తున్న ముక్కని) గీరకుండా పైకి లేచేలా చేసేది అదే. దాన్ని చేత్తో పట్టుకొని పక్కలకు ఊపండి. పైకి తేలిగ్గా లేవాలి, పక్కలకు అసలు కదలకూడదు. కదిలితే ఫినిష్ మీద గీతలు పడతాయి, సైడ్ కోత తిన్నగా రాదు. ఇది ఇంట్లో బాగు చేసుకోగలిగిన లోపమే: రంధ్రం రీమర్‌తో శుభ్రం చేసి, లేత్ మీద కొలతకు కొత్త పిన్ తిప్పుకుంటే సరిపోతుంది. పక్క ముఖాలే అరిగితే కొత్త క్లాపర్ చేసుకోవాలి.

కాలమ్ పక్క తలుపు తీసి టార్చి వేసి, బుల్ గేర్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పించి ప్రతి పన్నూ చూడండి. స్ట్రోకు తిరిగే చోట టక్‌మని శబ్దం వస్తే స్లైడింగ్ బ్లాక్ అరిగింది. అదీ గన్‌మెటల్ ముక్క తెచ్చి చేయించుకోవచ్చు. పగుళ్లు చూడటానికి టేబుల్ టి-స్లాట్ల మూలలు, హెడ్ తిరిగే చోటు, బేస్ దగ్గర కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలి కిరోసిన్ పొడిని తడిపి గీతలా కనిపిస్తుంది. ఇక టేబుల్ క్రాస్ స్క్రూలో కాస్త బ్యాక్‌లాష్ (తిప్పే దిశ మార్చినప్పుడు వచ్చే వదులు) ఉన్నా నేను లెక్కచేయను, ఫీడ్, అంటే స్ట్రోకు స్ట్రోకుకూ టేబుల్ పక్కకు జరగడం, ఎప్పుడూ ఒకవైపే పోతుంది కాబట్టి.

లేని భాగాల లెక్క ముందే తేల్చండి. అన్నిటికన్నా ముఖ్యం వైస్. షేపర్ వైస్ బరువైనది, వెడల్పు దవడలది. చాలాచోట్ల దాన్ని ముందే ఎవరో విడిగా అమ్మేసి ఉంటారు. స్ట్రోకు సర్దే హ్యాండిల్, టేబుల్‌ను పక్కకు జరిపే ఫీడ్ పాల్, రాచెట్ కూడా చూడండి. వైస్ లేకపోతే ధర అక్కడే తగ్గించమనండి. తుక్కు ఇనుము రేటు ఆ రోజు ఎంతుందో కనుక్కొని, మెషిన్ బరువుతో గుణించి, ఆ అంకె దగ్గర బేరం మొదలుపెట్టండి. సరైన స్లైడ్‌లు, వైస్ ఉంటే దానికి కొంచెం పైన ఇచ్చినా నష్టం లేదు.

రవాణా దగ్గర మొండితనం వద్దు. ఈ సైజు మెషిన్ టన్ను దగ్గర తూగుతుంది, టాటా ఏస్ మోసే బరువు కాదు. పికప్ బండి మాట్లాడుకోండి, ఎక్కించడానికీ దించడానికీ హైడ్రా (చిన్న క్రేన్) పిలవండి. ఎత్తే ముందు ర్యామ్‌ను మధ్యకు తెచ్చి బిగించాలి, టేబుల్‌ను కిందికి దించాలి, బెల్టు తాడు ర్యామ్ స్క్రూల మీద పడకుండా చూడాలి. తల భాగం బరువు వల్ల ఇది ముందుకు తూలుతుంది.

విప్పడం మొదలుపెట్టక ముందు ప్రతి భాగం ఫోటో తీసుకోండి. బిగుసుకుపోయిన చోట సుత్తి ఎత్తొద్దు, డీజిల్ పోసి రాత్రంతా వదిలేయండి. చిన్న భాగాల తుప్పుకి ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు, వాషింగ్ సోడా, బ్యాటరీ ఛార్జర్‌తో ఎలక్ట్రాలిసిస్ బాగా పనిచేస్తుంది. భాగాన్ని నెగటివ్‌కి, మామూలు ఇనుప ముక్కను పాజిటివ్‌కి కలపాలి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బయట గాలిలోనే చేయండి. స్లైడ్‌ల మీద గ్రైండర్, ఎమరీ పేపర్ పెట్టొద్దు. డీజిల్, వెడల్పు బ్లేడు, మెత్తని స్కాచ్ బ్రైట్ చాలు. ఎంత నల్లగా ఉన్నా అది నునుపుగా ఉంటే వదిలేయండి, రంగు పోగొట్టాలని కొలత పోగొట్టుకోకూడదు.

నూనె రంధ్రాల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. పాత మెషిన్‌లలో ఇవి గట్టిపడిన గ్రీజుతో మూసుకుపోయి ఉంటాయి. ఎవరో గ్రీజు కొట్టారు, అది ముద్దగా మారింది, ఆ తర్వాత పోసిన నూనె ఏదీ స్లైడ్ దాకా పోలేదు. తీగతో పొడిచి, గాలి కొట్టి, అవతలి వైపు నూనె ఊరేదాకా విడవకండి. స్లైడ్‌లకు 68 గ్రేడ్ ఆయిల్ వాడండి, గ్రీజు వద్దు. ర్యామ్ ముందు ఉండే ఫెల్ట్ ముక్కలు మార్చండి, చిప్స్ లోపలికి పోకుండా ఆపేవి అవే.

కరెంటు గురించి టెన్షన్ పడకండి. వీటికి సాధారణంగా 2 లేదా 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. స్టార్, డెల్టా అన్నవి మోటారు వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు. మీది 415 వోల్టులకు స్టార్‌లో కలిపి ఉందో లేదో ముందు నేమ్ ప్లేట్ మీద చూడండి. స్టార్ అయి, టెర్మినల్ బాక్సులో ఆరు వైర్లు కనిపిస్తే డెల్టాకు మార్చి, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ తీసుకొని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్‌తో) నడపొచ్చు. స్టార్ మోటారుకు మూడే వైర్లు ఉంటే స్టార్ పాయింట్ (మూడు వైండింగ్‌లు కలిసే చోటు) లోపలే ఉందన్నమాట. వ్యవసాయ మోటార్లు చుట్టే మన దగ్గరి రివైండింగ్ షాపులవాళ్లు దాన్ని బయటికి తీసి ఇస్తారు. స్టార్‌లో 5 ఆంప్స్ తీసుకునే 3 హెచ్‌పీ మోటారు డెల్టాలో 8కి పైగా తీసుకుంటుంది, వీఎఫ్‌డీలో ఆ విలువ సరిగా పెట్టండి. దీనికి సొంత వైరు, సొంత ఎంసీబీ, ఎర్తింగ్ ఉండాలి. ఎన్‌పీడీసీఎల్‌లో (మన కరెంటు సంస్థలో) మీ మంజూరైన లోడ్ సరిపోతుందో చూసుకోండి. బయటివాళ్ల పని డబ్బు తీసుకొని చేస్తే ఇంటి మీటర్ మీద నడపకూడదు, కనెక్షన్ కేటగిరీ మార్పించుకోవాలి.

మెషిన్ పెట్టే చోట వెనక గోడకు దూరం వదలండి. ర్యామ్ కాలమ్ వెనక్కి కూడా పొడుచుకు వస్తుంది, గోడకూ దానికీ మధ్య మనిషి ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సందును గ్రిల్‌తో మూసేయండి, ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పనిసరి. నల్లరేగడి నేల అయితే తవ్వి మొరం నింపి దిమ్మించి కాంక్రీటు వేయండి, లేకపోతే వానాకాలంలో మెషిన్ మట్టం మారుతుంది. మెడలో తువ్వాలు, వేలాడే లుంగీ వద్దు.

అన్నీ బిగించాక ర్యామ్, క్రాస్ రైల్ (టేబుల్ పక్కకు జారే అడ్డ పట్టా) గిబ్‌లు సరిచేసి, టూల్ పోస్టులో డయల్ గేజ్ పట్టించి టేబుల్ మీద నడిపి చూడండి. టేబుల్ సమానంగా లేకపోతే, గిబ్‌లు కుదిరాక, మెషిన్‌తోనే టేబుల్ మీద సన్నని కోత ఒకటి తీసుకోవచ్చు. షేపర్ తన టేబుల్‌ను తానే తనకు సమాంతరంగా చేసుకుంటుంది. ఇది నాకు ఈ మెషిన్‌లో అన్నిటికన్నా నచ్చిన గుణం.

మొదటి కోతకు మైల్డ్ స్టీల్ ముక్క పెట్టండి. స్ట్రోకు జాబ్ కన్నా 20–25 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, అందులో ఎక్కువ భాగం వెనకవైపు, కోత మొదలయ్యే ముందు. మొత్తం స్ట్రోకు 200 మిల్లీమీటర్లు అనుకుంటే, నిమిషానికి 20 మీటర్ల వేగానికి సుమారు 60 స్ట్రోకులు వస్తాయి. పొడవు పెరిగితే స్ట్రోకులు తగ్గించాలి. ఫీడ్ ర్యామ్ వెనక్కి వచ్చేటప్పుడే పడుతోందా చూడండి. కోత మధ్యలో పడుతుంటే ఫీడ్ డిస్క్ మీద పిన్‌ను అవతలి వైపుకు మార్చండి. స్విచ్ వేసే ముందు ప్రతిసారీ చేత్తో ఒక పూర్తి స్ట్రోకు తిప్పి, టూల్‌గానీ హెడ్‌గానీ వైస్‌కి తగలదని రూఢి చేసుకోండి.

మీరు చూసే మెషిన్ ర్యామ్ స్లైడ్, క్లాపర్, బుల్ గేర్, మోటారు నేమ్ ప్లేట్ దగ్గరగా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. డయల్ గేజ్ రీడింగ్ కూడా రాస్తే కొనాలా వద్దా సూటిగా చెప్తాను.