డాలుతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. 17వ శతాబ్దపు ఫ్రెంచి బిషప్‌ల రాగిరేకు చిత్రాల (రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన బొమ్మల) మీద రాస్తూ మూడు పేరాలు కళ్లకే ఖర్చుపెట్టావు. కళ్లలో భక్తి ఉందని ఎవరైనా రాస్తారు. ఆ కాలపు ఫ్రెంచి చెక్కుడు కళాకారుడు రొబేర్ నాంతోయ్ చెక్కిన ముఖాల్లో ఎక్కువగా కనిపించేది లోకజ్ఞానం. మతం గుర్తులు ముఖం చుట్టూ ఉండే కోలచట్రం దగ్గర, బిషప్ చిహ్నం ఉండే డాలు మీద ఉంటాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

డాలు పైన వెడల్పంచు టోపీ, రెండు పక్కలా వేలాడే కుచ్చులు చూడు. మన డయోసిస్‌ల బిషప్‌ల చిహ్నాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. టోపీ ఎరుపైతే కార్డినల్, ఆకుపచ్చైతే సాధారణంగా బిషప్. డాలు వెనక రెండడ్డాల సిలువ ఉంటే ఆర్చ్‌బిషప్ అనుకోవచ్చు. కుచ్చులు లెక్కపెట్టి మాత్రం హోదా తేల్చెయ్యకు. కార్డినల్‌కు పక్కకు 15 అని ఖాయమైంది 1832లో.

నల్లసిరాలో రంగెలా తెలుస్తుందంటావా? సిల్వెస్ట్రో పియెత్రాసాంతా అనే జెస్విట్ 1638లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వెండి. మనకు ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలితే ఆకుపచ్చ, ఎదురు వాలితే ఊదా. దెబ్బతినేది ఇక్కడే. రేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. చెక్కేవాడు ఏమరితే ఆకుపచ్చ కాస్తా ఊదా అవుతుంది, దీవించే కుడిచెయ్యి ఎడమవుతుంది. ఆ ఎడమచేతికి నిగూఢార్థాలు వెతక్కు. టోపీ మడతల్లో నీడకోసం వేసిన గీతల్ని రంగులుగానూ చదవకు.

ప్రొటెస్టెంట్ బోధకుల దగ్గర ఈ సరంజామా వెతికితే దొరకదు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1646లో వేసిన, యాన్ కోర్నెలిస్ సిల్వియస్ అనే బోధకుడి ఎచింగ్ (ఆమ్లంతో రేకు మీద గీతలు తినిపించి అచ్చువేసిన బొమ్మ) ముందు పెట్టుకో. సిల్వియస్ 1638లోనే పోయాడు. అయినా వాదిస్తున్నట్టు చాచిన చెయ్యి చట్రం దాటి బయటికొస్తుంది, దాని నీడ చట్రం మీద పడుతుంది. టోపీ, కుచ్చులు చేసే పని ఇక్కడ ఆ నీడ చేస్తోంది. నీ మూడు పేరాలూ దీనికిచ్చి ఉంటే బాగుండేది.

చివరగా, ఒకే రేకును మళ్లీ చెక్కి వాడేవారు. బిషప్ కార్డినలైతే టోపీ, కింది లాటిన్ వరుస మార్చి, ముఖాన్ని పాతదే ఉంచేసే వీలుంది. కాబట్టి నువ్వు చూసిన ప్రతి అచ్చు, రేకు ఏ దశలో (ఏ మార్పుల తరవాత) ఉన్నప్పటిదో కనుక్కుని, ఆ సంగతి మొదటి పేరాలోనే రాయి.