ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటే అది మూలకమెలా అవుతుంది? గాలి సంయోగ పదార్థం ఎందుకు కాదు?

మీ పాప తొమ్మిదో తరగతి అనీ, ఈ రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయిందనీ రాశారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా ఈ పాఠంలో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. నిర్వచనాలు అప్పజెప్పి ఊరుకోకుండా ఇలా అడిగిందంటే పాప నిజంగా ఆలోచిస్తోందన్నమాట.

ముందు ఆక్సిజన్ సంగతి. పిల్లలు అణువులో పరమాణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. చూడాల్సింది ఎన్ని రకాలున్నాయో. ఆక్సిజన్‌లో రెండు, ఓజోన్‌లో మూడు, మామూలు గంధకంలో ఎనిమిది ఉంటాయి. దేనిలో చూసినా ఒకే రకం పరమాణువులు, కాబట్టి మూలకాలే. నీటి అణువులో హైడ్రోజన్, ఆక్సిజన్ అని రెండు రకాలున్నాయి. అందుకే అది సంయోగ పదార్థం.

అసలు చిక్కు సంయోగ పదార్థానికీ మిశ్రమానికీ మధ్య. 'రసాయనికంగా కలిసినది', 'భౌతికంగా కలిసినది' అని బట్టీ పట్టి రాసేస్తారు, తెలియని పదార్థం చూపిస్తే మాత్రం నోరు మెదపరు. అందుకే నేను ఒకే ప్రశ్న వేసుకోమంటాను: దీనిలో పాళ్లు మారిస్తే ఇది ఇదే పదార్థంగా ఉంటుందా?

ఉప్పునీళ్లలో ఇంకో చెంచా ఉప్పు కలిపినా అవి ఉప్పునీళ్లే. కానీ స్వచ్ఛమైన నీరు ఎక్కడిదైనా, 9 గ్రాముల్లో 1 గ్రాము హైడ్రోజన్, 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటాయి. అదే 1 గ్రాము హైడ్రోజన్‌కు 16 గ్రాముల ఆక్సిజన్ చేరితే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. దాని పలుచని ద్రావణాన్ని గాయాలు కడగడానికి వాడతారు, తాగితే ప్రమాదం.

గాలిని కూడా ఇలాగే చూడండి. పొడి గాలిలో నైట్రోజన్ సుమారు 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం. వానాకాలం నీటి ఆవిరి పెరుగుతుంది, కిక్కిరిసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అయినా అది గాలే. పాళ్లు మారాయి కాబట్టి మిశ్రమం.

నగల బంగారం దగ్గర పిల్లలు గట్టిగా వాదిస్తారు. ఎక్కడ చూసినా ఒకేలా మెరుస్తుంది కదా, మిశ్రమం ఎలా అవుతుందంటారు. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం (916 ముద్ర అదే), 18 క్యారెట్లలో 75 శాతం, మిగతాది రాగి, వెండి లాంటివి. పాళ్లు మార్చినా నగ నగే. ఇది సజాతీయ మిశ్రమం, అంటే అంతటా ఒకేలా కలిసిన మిశ్రమం. ఒకేలా కనిపించడం సంయోగ పదార్థానికి గుర్తు కాదని ఇక్కడే నొక్కి చెప్పాలి.

ఎన్ని మాటలు చెప్పినా, ల్యాబులో ఇనుము, గంధకం ప్రయోగం చూశాక వచ్చే నమ్మకం వేరు. 7 గ్రాముల ఇనుప రజను, 4 గ్రాముల గంధకం పొడి కలిపి అయస్కాంతం దగ్గర పెడితే ఇనుము అతుక్కుంటుంది, పసుపు పొడి మిగులుతుంది. ఇనుము, గంధకం కలిసిన పొడిని పరీక్షనాళికలో వేడి చేస్తే ఎర్రగా రాజుకుంటుంది, మంట తీసేసినా ఆ ఎరుపు కిందికి పాకుతూ పోతుంది. చల్లారాక మిగిలే నల్లటి ముద్ద ఐరన్ సల్ఫైడ్. పిల్లలు అయస్కాంతాన్ని ఎన్నిసార్లు తిప్పినా రజను విడిపడి రాదు. ఇనుము గుణం, గంధకం గుణం రెండూ పోయి మూడోది వచ్చిందని అప్పుడు వాళ్లే చెబుతారు. దీన్ని ఇంట్లో మాత్రం చేయకండి, గంధకం కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. టీచర్ని అడిగితే ల్యాబులో చూపిస్తారు.

ఇంట్లోనైతే మీరు పక్కనే ఉండి పంచదారతో చేయించండి. పంచదార నీళ్లను ఒక పళ్లెంలో ఎండలో ఉంచితే నీరు ఆరిపోయి పంచదార మిగులుతుంది, కాబట్టి అది మిశ్రమం. పాత గరిటెలో పొడి పంచదార వేసి బాగా కాలిస్తే ఆవిర్లు పోయి చివరికి నల్లటి బొగ్గు మిగులుతుంది, అంటే కార్బన్. కాబట్టి పంచదార సంయోగ పదార్థం. ఆ తర్వాత ఇత్తడి చెంబు, వంటసోడా, థర్మామీటర్‌లోని పాదరసం, పాలు, ఈ నాలుగూ ఏ కోవకు వస్తాయో కారణంతో సహా పాపనే రాయమనండి.