సమాధానం: ఉచిత వీమ్‌లో బ్యాకప్ ఆగిపోవడం గురించి
బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీమ్‌లో కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే కదా, రెండు నెలలు చక్కగా నడిచిన బ్యాకప్ ఇప్పుడు లైసెన్స్ లేదంటూ ఎందుకు ఆగిందని అడిగారు. లోపం వీమ్‌లో లేదండీ, దాని కింద ఉన్న ఈఎస్ఎక్స్ఐలో, అంటే మీ సర్వర్ (హోస్ట్) మీద వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఈఎస్ఎక్స్ఐ 60 రోజుల ట్రయల్‌లో అన్ని సదుపాయాలూ పనిచేస్తాయి. గడువు తీరాక మీరు వేసిన ఉచిత లైసెన్స్‌లో ఏపీఐ (వీమ్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐతో మాట్లాడే దారి) చదవడానికే తప్ప మార్పులు చేయడానికి పనికిరాదు. బ్యాకప్‌కు ముందుగా వీమ్ ఆ దారిలోనే స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితి) తీయాలి, అక్కడే అడ్డుపడుతుంది. హోస్ట్ క్లయింట్‌లో (బ్రౌజర్‌లో తెరిచే ఈఎస్ఎక్స్ఐ పేజీ) ‘మేనేజ్’, ఆపై ‘లైసెన్సింగ్’ తెరిస్తే మీ లైసెన్స్ ఏదో కనిపిస్తుంది. హోస్టులను ఒకేచోట నుంచి నిర్వహించే వీసెంటర్ కొన్నా లాభం లేదు, ఉచిత హోస్టును అది చేర్చుకోదు.

డబ్బు పెట్టగలిగితే హోస్టుకే సబ్‌స్క్రిప్షన్ తీసుకోండి. రెండు మూడు మెషీన్లే అయితే నా ఓటు వీమ్ ఏజెంటుకే. దాన్ని ఒక్కో వర్చువల్ మెషీన్ లోపలే ఇన్‌స్టాల్ చేస్తాం కాబట్టి హోస్ట్ లైసెన్స్‌తో పని లేదు. రికవరీ ఐఎస్ఓ (మెషీన్ పాడైతే దానితో బూట్ చేసి బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకునే ఫైలు) మాత్రం ఈ రోజే తయారుచేసి, వేరే డిస్కులో పెట్టుకోండి.