పాతాళానికి దిగే ముందు

చి. చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. అవెర్నం అనే కంప్యూటర్ గేమ్ డిస్కౌంట్‌లో కొన్నావట. రెండు గంటలు ఆడి, "బొమ్మలు నీ కాలం నాటివి మామా, చదవడమే ఎక్కువ, పైగా కోట దాటగానే చస్తున్నా" అని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే సగం వినవు, అందుకే రాస్తున్నా.

2001లో మౌస్ కొనడానికి సికింద్రాబాద్ సీటీసీకి, అదే కంప్యూటర్ సామాన్ల మార్కెట్‌కి వెళ్లి, ఏదో పత్రికతో వచ్చిన సీడీ తెచ్చుకున్నా. అందులో దీని డెమో ఉంది. నల్లకుంటలో అద్దె గది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. యూపీఎస్ కుయ్‌మనగానే చెయ్యి సేవ్ మీదికి పోయేది. నువ్వూ అలాగే చెయ్యి, కానీ వేర్వేరు పేర్లతో. నేనోసారి చావుకి ఒక్క అడుగు ముందు, ఉన్న ఒక్క సేవ్ మీదే మళ్లీ సేవ్ చేసి, నాలుగు రాత్రుల ఆట పోగొట్టుకున్నా.

నువ్వు కొన్నది 2011 నాటి 'ఎస్కేప్ ఫ్రమ్ ద పిట్'. అసలు కథ 1995లో 'ఎగ్జైల్' పేరుతో వచ్చింది. జెఫ్ వోగెల్ అనే ఆయన స్పైడర్‌వెబ్ అని చిన్న కంపెనీ పెట్టుకుని, దాన్నే 2000లో ఒకసారి, 2011లో ఇంకోసారి తిరిగి చేశాడు. ఒకే కథ మూడుసార్లు చెప్పాడంటే బొమ్మల కోసం కాదు కదరా.

గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందని చిన్నప్పుడు చెప్పుకునేవాళ్లం. అందులో మనుషులు కాపురాలుంటే ఎలా ఉంటుంది? ఇది అదే. పైనున్న సామ్రాజ్యం తనకు గిట్టనివాళ్లని కిందికి తోసేస్తుంది. దొంగకీ ఎదురు మాట్లాడినవాడికీ ఒకటే శిక్ష, తిరిగొచ్చే దారి లేదు. వాళ్లేమో గుహ గోడలకు పట్టిన ఫంగస్ వెలుతురులో పుట్టగొడుగులు సాగుచేసుకుని, బల్లుల్ని పెంచుకుని, ఊళ్లు కట్టేసుకున్నారు. పుట్టగొడుగులు పండించే రైతు కనిపిస్తే నువ్వు పరిగెత్తే ఉంటావు. ఆగు. మాట్లాడు. ఎక్కడ ఏముందో, ఎటు పోకూడదో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో.

ఇక చావుల సంగతి. మైదానంలో నిలబడి కొట్టుకుంటే శత్రువులు నీ జట్టులోని నలుగురినీ చుట్టేస్తారు. తలుపు దగ్గరికో ఇరుకు సందులోకో వెనక్కి రా. పాతబస్తీ గల్లీలో ఎదురుగా ఆటో వస్తే ఏమవుతుంది? ఒక్కొక్కడే రావాలి. కత్తివాడు ముందు, మంత్రగాడు వెనక. తాళాలు తీసే నైపుణ్యం ఎవరో ఒకరికి నేర్పించు. అన్నిటికన్నా కష్టమైన 'టార్మెంట్' స్థాయి జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు, పరువు కోసం ఆడే ఆట కాదది.

చివరికి ఏం చెయ్యాలన్నది కూడా నీ ఇష్టమే: పైకి తప్పించుకోవచ్చు, చక్రవర్తి హాథార్న్ అంతు చూడొచ్చు, గ్రా-హోత్ అనే దెయ్యాన్ని చంపొచ్చు. నేను మూడూ చేశా, చాలా ఏళ్లు పట్టింది. డెమో ఒకచోట ఆగిపోయేది, కొందామంటే నా దగ్గర క్రెడిట్ కార్డు లేదాయె.

ఆగి, అందరితో మాట్లాడుతూ ఆడమన్నాను కదా, ఈ సిరీస్‌లో మూడో భాగానికి అది చెల్లదు. అక్కడ రోజులు గడిచేకొద్దీ ఊళ్లు పాడైపోతుంటాయి.

నా పాత నోట్‌బుక్ అటక మీదుంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. రహస్య దారుల పేజీలు మాత్రం పిన్నులు కొట్టే ఇస్తా.

మీ మామయ్య