బాబు పేరున డబ్బు పెట్టే ముందు

రాయగడ నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "నాకు 41 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా రెండేళ్ల బాబును దత్తత తీసుకున్నాను. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 46,000 వస్తుంది. ఇంటి ఖర్చు, నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లి చేయించే థెరపీ పోను 12,000 మిగులుతుంది. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. పీఎఫ్‌లో తమ్ముడి పేరు నామినీగా ఉంది. ఏజెంటు బాబు పేరున నెలకు 8,000 చైల్డ్ ప్లాన్ కట్టమంటున్నాడు, పన్ను కూడా తగ్గుతుందట. తమ్ముడేమో పార్వతీపురం వైపు బాబు పేరునే స్థలం కొనమంటున్నాడు. నా తర్వాత వాడి గతి ఏమిటని నిద్ర పట్టడం లేదు."

అమ్మా, ఆ రెండు సలహాల్లోనూ ఉన్న చిక్కు ఒకటే. రెండూ బాబు పేరునే ఆస్తి పెట్టమంటున్నాయి. 18 ఏళ్లు నిండేదాకా మీరే వాడి సంరక్షకులు, ఖాతా మీ సంతకంతో నడుస్తుంది. 18 నిండాక చట్టం దృష్టిలో వాడు మేజరు, మీ సంతకం చెల్లదు. వాడు సొంతంగా లావాదేవీ చేయలేకపోతే ఆ డబ్బు అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఆటిజం లాంటి వైకల్యాలున్నవారి కోసం తెచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షక పత్రం తెచ్చుకోవాలి. కన్నతల్లికైనా, పెంచిన తల్లికైనా ఇదే దారి. పత్రం వచ్చిన ఆరు నెలల్లో బాబు ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా లెక్కలు చూపాలి. ఆ పత్రం ఎలాగూ అవసరమే. బాబుకు 17 దాటగానే కాగితాలు సిద్ధం చేసుకోండి. కానీ నెలనెలా తీయాల్సిన థెరపీ డబ్బును దాని మీద ఆధారపడేలా పెట్టకండి. ప్రతి రూపాయీ మీ పేరున పెట్టి, మీ తర్వాత వాడికి చేరే దారి రాసి ఉంచండి.

స్థలం మాట మానేయండి. మైనరు పేరున ఉన్న స్థలాన్ని అమ్మాలంటే తల్లయినా జిల్లా కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సిందే. పైగా పార్వతీపురం మన్యం జిల్లాలో ఏజెన్సీ మండలాలున్నాయి, అక్కడ 1/70 అనే గిరిజన భూరక్షణ చట్టం కింద గిరిజనేతరుల కొనుగోలు చెల్లదు. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డుపడుతుంది. "స్టాంపు పేపరు మీద రాసిచ్చేస్తాం" అన్నవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి.

ఏజెంటు చెప్పే పన్ను సంగతి. ఆదాయపు పన్ను సెక్షన్ 80డీడీ కింద బిడ్డకు 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలోంచి తగ్గిస్తారు. అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్నే పడదు కాబట్టి మీ జీతానికి కట్టాల్సింది సున్నా. లేని పన్నును తగ్గించుకోవడానికి నెలకు 8,000 ఎందుకు? (2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, నంబరు చూసి కంగారు పడకండి.)

అన్నిటికన్నా ముందు, ఈ వారమే చేయాల్సిన పని పీఎఫ్ నామినేషన్. దత్తతతో మీకు చట్టప్రకారం కుటుంబం ఏర్పడింది. కుటుంబం లేనప్పుడు రాసిన తమ్ముడి పేరు ఆ క్షణమే చెల్లకుండా పోయింది. కంపెనీ రికార్డులో ఆ పేరే ఉంటే రేపు తగువు పడేది బాబు తరఫువాళ్లే. ఈపీఎఫ్ సైటులో ఈ-నామినేషన్ తెరిచి బాబును కుటుంబ సభ్యుడిగా చేర్చండి, వైకల్యం ఉందన్న చోట గుర్తు పెట్టండి, మైనరు కాబట్టి సంరక్షకుడిగా తమ్ముడి పేరు రాయండి. ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయకపోతే అది నమోదు కాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం ఈపీఎస్‌లో పూర్తి, శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా జీవితాంతం పింఛను వస్తుంది, చట్టబద్ధంగా దత్తత తీసుకున్న బిడ్డకూ ఆ హక్కుంది. మీరు ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే పీఎఫ్‌తో వచ్చే ఈడీఎల్‌ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షలు. గ్రాట్యుటీ నామినేషన్ కూడా మార్చండి.

ఇక కాగితాల్లో పేర్లు. మన వైపు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా రాస్తాం. ఒడిశా కాగితాల్లో ఇంటిపేరు చివర, పూర్తిగా వస్తుంది. దత్తత ఉత్తర్వు, జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా క్లెయిమ్ రోజున "ఈ పిల్లాడూ ఆ పిల్లాడూ ఒకరేనా" అంటారు. దత్తత ఉత్తర్వులో ఉన్న పేరునే మూలంగా పెట్టుకుని మిగతావి దిద్దించండి.

బాబుకు యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు లేకపోతే స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, రాయగడ జిల్లా ఆసుపత్రినే ఎంచుకోండి. థెరపీ విశాఖలో చేయించినా కార్డు మీరుండే చిరునామా మీదే వస్తుంది, దేశమంతా చెల్లుతుంది. ఆటిజాన్ని ఇసా అనే 40 అంశాల పట్టికతో కొలుస్తారు. బాబును గమనించడంతో పాటు తల్లినీ ప్రశ్నలు అడుగుతారు. బాబు తెలుగే వింటాడని, ఒడియాలో పిలిస్తే పలకకపోవడానికి అదీ ఒక కారణమని ముందే చెప్పండి. ఇంట్లో వాడి తీరు చూపించే నాలుగైదు వీడియోలు ఫోన్లో పట్టుకెళ్లండి. మానసిక వైద్య నిపుణులు బోర్డులో ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది. కార్డు మీద గడువు తేదీ ఉంటే క్యాలెండరులో రాసుకోండి.

ఆ కార్డుతో నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి. ఏడాదికి లక్ష దాకా రక్షణ, చేరే ముందు వైద్య పరీక్షలు ఉండవు. రుసుము కొన్ని వందల రూపాయలే. థెరపీ, మందుల ఖర్చుకూ ఇందులో చోటుంది. ముందు మీరు కట్టి తర్వాత తీసుకోవాలి కాబట్టి థెరపిస్టు దగ్గర ప్రతిసారీ తేదీ, ముద్ర, సంతకం ఉన్న రసీదు అడగండి. తెల్ల కాగితం మీద రాసిచ్చింది పనికిరాదు.

ఇప్పుడు మీ అసలు భయం. రేపే మీరు లేకపోతే బాబుకు, చూసుకునే మనిషికి కలిపి నెలకు 25,000 అనుకుందాం, ఏడాదికి 3 లక్షలు. ధరల పెరుగుదల కన్నా 2 శాతం ఎక్కువ రాబడి వస్తే, 50 ఏళ్ల పాటు ఇవ్వడానికి ఈ రోజు సుమారు 95 లక్షలు కావాలి. అందుకే కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీరు పోతేనే డబ్బు వచ్చే బీమా), మీకు 65 ఏళ్లు వచ్చేవరకు. చివర్లో కట్టిన ప్రీమియం వాపసు వచ్చే రకం వద్దు. థైరాయిడ్ లాంటిది ఉంటే దాచకండి, క్లెయిమ్ పోయేది అక్కడే. ఎవరైనా ఎండబ్ల్యూపీ (వివాహిత మహిళల ఆస్తి) చట్టం కింద తీసుకోమంటే, అది పెళ్లయిన మగవాడు తన భార్యాబిడ్డల కోసం తీసుకునే పాలసీకే వర్తిస్తుందని చెప్పండి. మీకు అది కుదరదు.

మరి ఆ కోటి బాబుకు చేరేదెలా? చిన్న ప్రైవేటు ట్రస్టు పత్రం రాయించండి. లబ్ధిదారు బాబు ఒక్కడే. ధర్మకర్తలు ఇద్దరు: తమ్ముడు, రక్తసంబంధం లేని నమ్మకస్తులు ఇంకొకరు. ఒక్కరి చేతిలోనే పెట్టొద్దు, తమ్ముడు ఎంత మంచివాడైనా అతనికీ ఒక కుటుంబం ఉంటుంది. ప్రస్తుతానికి 10,000 వేసి పాన్, బ్యాంకు ఖాతా తీసుకుంటే చాలు. పాలసీని ట్రస్టుకు బదిలీ చేయండి. మిగతా ఆస్తి ట్రస్టుకే చెందాలని వీలునామా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. బాబు ఎవరి దగ్గర పెరగాలో కూడా అందులోనే రాయండి. వకీలుకు దత్తత ఉత్తర్వు నకలు ఇవ్వడం మరవకండి.

నెలనెలా మిగిలే 12,000 ఇలా పంచుకోవచ్చు: టర్మ్ ప్రీమియానికి 2,500 పక్కన పెట్టండి, వయసు, ఆరోగ్యాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. 6,000 మీ పేరున ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా కట్టే పద్ధతి. 10 శాతం చొప్పున పెరిగితే మీకు 60 వచ్చేసరికి 40 లక్షలు దాటుతుంది, అయితే ఆ రాబడికి హామీ ఎవరూ ఇవ్వరు. మిగిలిన 3,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, థెరపీ ఖర్చు ఏటా పెరుగుతుంది. ఇప్పుడు థెరపీకి నెలకు 12,000 అవుతోందనుకుంటే, అది ఏటా 7 శాతం పెరిగితే ఇరవై ఏళ్లలో 46,000 దాటుతుంది. ఎఫ్‌డీలో 3 లక్షలు కదిలించకండి, సంపాదన మీ ఒక్కరిదే. మిగతా లక్షలోంచి ట్రస్టు, వీలునామా ఖర్చులు తీయండి.

నిరామయ రసీదుల ఫైలు, ట్రస్టు పత్రం, వీలునామా ఎక్కడున్నాయో తమ్ముడికి చూపించండి. బాబు ఏం తింటాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, ఏ మాటకు ఊరుకుంటాడు అన్నవి రెండు పేజీల్లో రాసి ఆ ఫైల్లోనే పెట్టండి.